బెజవాడలో వాకింగా? ముందు కృష్ణలో నీళ్ళెంతున్నాయో చూడండి

మీరు అడిగింది ఇదీ: హైదరాబాదు నుంచి పటమటకి మారి మూడు నెలలైంది. అమ్మగారికి అరవై నాలుగేళ్ళు, షుగరుంది, మోకాళ్ళు కాస్త ఇబ్బంది పెడుతున్నాయి. డాక్టరు రోజూ నలభై నిమిషాలు నడవమన్నారు. అపార్టుమెంటు సెల్లారులో గుండ్రంగా తిరిగి తిరిగి ఆవిడకి విసుగొచ్చేసింది. నది ఒడ్డునో, మంచి పార్కులోనో ఎక్కడ నడిస్తే హాయిగా ఉంటుంది? గుంటూరులో ఉండే మీ తమ్ముడికి కూడా నాలుగు ముక్కలు చెప్పమన్నారు.

నేను కాలువల మీద ఉద్యోగం చేసి రిటైరయినవాణ్ణి. నాకూ షుగరే. అది బయటపడ్డ దగ్గర్నుంచి, అంటే ఇరవై రెండేళ్ళుగా, ఈ ఊళ్ళో పొద్దున్నే నడుస్తున్నాను. మీ ప్రశ్నకి జవాబుగా ఇప్పటికే చాలామంది పార్కుల పేర్లు వరసపెట్టి రాశారు. పేర్లు సరే. కానీ ఆగస్టులో చల్లగా గలగలలాడే కాలువ గట్టు మీద మే నెలలో ముక్కు మూసుకుని కూడా నడవలేం. కార్తీకంలో కాలు పెట్టే సందుండని ఘాటు మాఘం దాటాక బోసిపోతుంది. చోటు అదే, నీళ్ళే మారతాయి. అందుకే మా బ్యాచిలో ఎవరైనా కొత్తగా చేరితే నేను ముందు అడిగేది, "బ్యారేజీ దగ్గర నీళ్ళెలా ఉన్నాయో చూశారా?" అని.

బ్యారేజీతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ ఊరి నడకల్లో అంతకి మించింది నాకు ఇంకోటి దొరకలేదు. ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు. ఇటు చివర నుంచి సీతానగరం చివరికి వెళ్ళి వెనక్కి వస్తే రెండున్నర కిలోమీటర్ల లోపే. చదును, ఎత్తుపల్లాల్లేవు, మోకాళ్ళకి మంచిది. కానీ టైము ముఖ్యం. ఐదుంపావుకి అక్కడ ఉండాలి. ఆరున్నర దాటిందా, స్కూటర్లూ కార్లూ మొదలవుతాయి. ఫుట్‌పాత్ సన్నం, ఇద్దరు పక్కపక్కన నడుస్తుంటే ఎదురొచ్చేవాళ్ళకి దారివ్వాలి. ఏడింటికి అమ్మగారిని అక్కడ నడిపించమని నేను మాత్రం చెప్పను.

సీతానగరం వైపు నడుస్తుంటే కుడిచేతి పక్క నిండు జలాశయం, ఎడమచేతి పక్క ఇసుక తిన్నెలు, అక్కడక్కడా పాయలు. ఒకే నది, మధ్యలో గేట్లు, రెండు పక్కలా రెండు రూపాలు. ఎడమ పక్క దూరంగా రైలు వంతెనలు కనపడతాయి. సూర్యుడు పైకొచ్చేదీ అటే. చలికాలంలో మంచు పట్టినప్పుడు వంతెన కనపడదు, రైలు చప్పుడొక్కటే వినపడుతుంది, ఆ తరువాత కిటికీల దీపాలు వరసగా గాలిలో పోతున్నట్టు కదులుతాయి. ఇన్నేళ్ళ తరువాత కూడా నేను ఆగి చూసేది ఆ ఒక్కటే. తిరిగొచ్చేటప్పుడు ఇంద్రకీలాద్రి ఎదురుగా ఉంటుంది, గుడి దీపాలు ఇంకా ఆర్పి ఉండరు.

గేట్లు మొత్తం 70. నడుస్తూ లెక్కపెట్టండి, అమ్మగారికి అదో కాలక్షేపం. "ఇవాళ ముప్పై ఐదో గేటు దాకా" అని పెట్టుకుంటే సగం దూరం. మోకాలు సహకరించిన రోజు మరో పది. ఫోన్లో అడుగుల లెక్క కన్నా ఇది నయం, గేట్లు అబద్ధం చెప్పవు. ఇంకో సంగతి. గట్టు దగ్గర తాడుకి అయస్కాంతం కట్టి నీళ్ళలోకి విసిరే కుర్రాళ్ళు కనపడతారు. భక్తులు కృష్ణమ్మకి వేసిన చిల్లర కోసం. విసిరి, అడుగున నెమ్మదిగా ఈడ్చి, పైకి లాగి, అంటుకున్న రూపాయి బిళ్ళల్ని బురద తుడిచి జేబులో వేసుకుంటారు. మనుమడెవరైనా వెంట వస్తే ఇక నడక అక్కడితో ఆఖరు, వాడు కదలడు.

ఈ కట్టడం వెనక కథ కూడా చెబుతాను, ఉద్యోగం చేసిన చెయ్యి ఊరుకోదు. ఇక్కడ మొదట కట్టింది ఆనకట్ట. 1852లో మొదలై 1855లో పూర్తయింది. కాటన్ దొర పట్టుబట్టి ఒప్పిస్తే, కెప్టెన్ ఆర్ అనే ఇంజనీరు దగ్గరుండి కట్టించాడు. దాదాపు వందేళ్ళు నిలిచింది. 1952 వరదకి గండి పడింది. తరువాత 1954లో బ్యారేజీ మొదలుపెట్టి 1957లో తెరిచారు, ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. వన్‌టౌను పక్కన గాంధీకొండ ఉంది కదా, దాని పాత పేరు ఆర్ కొండ. పేరు ఆ కెప్టెన్‌దే. ఊళ్ళో వాకింగుకి వచ్చేవాళ్ళలో పదిమందిని అడిగితే ఒకరికైనా తెలుసో లేదో.

2024 సెప్టెంబరు మొదట్లో ఇదే బ్యారేజీకి 11 లక్షల 40 వేల క్యూసెక్కులకి పైగా వరద వచ్చింది (సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్ళు పారితే ఒక క్యూసెక్కు). కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్‌వెయిట్లకి, అంటే గేటు తేలిగ్గా లేవటానికి పెట్టే బరువులకి, తగిలి అవి దెబ్బతిన్నాయి. అంత కాకపోయినా వానాకాలంలో ఒక లెక్క గుర్తుపెట్టుకోండి: 3 లక్షల 97 వేల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 5 లక్షల 69 వేలకి రెండోది. టీవీలో కింద స్క్రోలింగు వస్తూనే ఉంటుంది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే ఘాట్ల వైపు పోవద్దు. వరద చూడటానికి జనం ఎగబడతారు, సెల్ఫీలంటారు, పోలీసులు తోలుతుంటారు. ఆ వారం నేను పార్కుకే వెళతాను. గేట్లు నాలుగైదు ఎత్తి నీళ్ళు వదులుతున్న మామూలు రోజుల్లో మాత్రం తప్పకుండా వెళ్ళండి. ఆ తుంపర మొహానికి కొడుతుంటే ఏసీ దండగనిపిస్తుంది.

ఇప్పుడు మీ పటమట సంగతి. రోజూ బ్యారేజీ దాకా రావటం మీకు దూరం, ఆదివారానికి పెట్టుకోండి. మీకు దగ్గరగా నది దొరికేది కృష్ణలంక వైపు. కనకదుర్గ వారధి దగ్గర్నుంచి యనమలకుదురు వైపు ఒడ్డు వెంట రిటైనింగ్ వాల్ కట్టారు. అది లేని రోజుల్లో రాణిగారితోట, తారకరామనగర్ వాళ్ళు ప్రతి వరదకీ సామాను నెత్తిన పెట్టుకుని బడుల్లోకి పరిగెత్తేవాళ్ళు. మొన్నటి 2024 వరదలో నీళ్ళు గోడకి అవతలే ఆగిపోయాయి. ఈ గోడ పక్కన చదును చేసి, పచ్చిక వేసి, నడిచే బాట వేసిన చోట్లున్నాయి. సాయంత్రాలు పిల్లలూ క్రికెట్టూ, పొద్దున నిశ్శబ్దం. నది ఇక్కడ బ్యారేజీకి దిగువ కాబట్టి సంవత్సరంలో సగం కాలం ఇసుకే ఎక్కువ, నీళ్ళు తక్కువ. అది చూసి నిరుత్సాహపడొద్దు. ఆ పాయల్లోనే కొంగలూ నీటికాకులూ దిగుతాయి. నీటికాకి రెక్కలు చాచి ఎండలో ఆరేసుకుంటుంది చూడండి, అచ్చం మా ఆవిడ దండెం మీద చొక్కా ఆరేసినట్టే ఉంటుంది.

ఇంకాస్త ముందుకెళితే యనమలకుదురు. కొండ మీద రామలింగేశ్వరస్వామి గుడి, శివరాత్రికి ప్రభలు కట్టే ఊరు. అక్కడి నుంచి కరకట్ట మీద నడక బాగుంటుంది, ఒకవైపు నది, మరోవైపు తోటలూ ఇళ్ళూ. అయితే లారీలుంటాయి, కుక్కలుంటాయి. ఒంటరిగా వద్దు, చేతిలో కర్ర ఉంచుకోండి. కుక్కని కొట్టటానికి కాదు, ఊరికే ఉంటే చాలు.

ఘాట్ల గురించి అందరూ ఎగబడి చెబుతారు: పద్మావతి ఘాటు, కృష్ణవేణి ఘాటు, దుర్గా ఘాటు, భవానీపురం వైపు పున్నమి ఘాటు. 2016 ఆగస్టులో పుష్కరాలు పన్నెండు రోజులు జరిగినప్పుడు వీటిని బాగా వెడల్పు చేశారు, పొడుగ్గా చదునైన జాగా వచ్చింది. మళ్ళీ పుష్కరాలు 2028లో. అప్పటిదాకా మనలాంటివాళ్ళకి అది ఖాళీ వాకింగు ట్రాకే. కానీ ఒక జాగ్రత్త. పై చదును మీదే నడవండి, మెట్లు దిగొద్దు. నాకు అనుభవమైంది కాబట్టి చెబుతున్నాను. పన్నెండేళ్ళ కిందట ఒక కార్తీక సోమవారం, తెల్లారుజామున మెట్ల మీద పాచి ఉంటుందని చూసి చూసి అడుగులు వేస్తున్నాను. జారింది పాచి మీద కాదు. ముందు రాత్రి ఎవరో దీపాలు పెట్టి వెళ్ళిన ప్రమిదల్లోంచి కారిన నూనె. గ్రానైటు రాయి, దాని మీద నూనె, పైన సన్నటి మంచు. ఎడమ మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టుతో గడిపాను. పక్కన దీపాలు వదులుతున్న ముసలావిడ లేపి కూర్చోబెట్టి, "కార్తీకంలో నదిలో పడితే పుణ్యమేలే నాయనా" అంది. నదిలో పడలేదమ్మా, మెట్ల మీద పడ్డాను, అన్నాను. ఇక్కడ నవ్వుకోవచ్చు, మోకాళ్ళ నొప్పులున్న మీ అమ్మగారిని మాత్రం కార్తీకంలో మెట్లెక్కించొద్దు.

భవానీ ద్వీపం చాలామంది చెప్పారు. 133 ఎకరాల లంక, చెట్లు బాగున్నాయి, లోపల బళ్ళ రొద లేదు. కానీ పున్నమి ఘాటు వైపు నుంచి పడవలో వెళ్ళాలి, తెల్లారుజామున నడిచేవాళ్ళకి కుదరదు. వరద వస్తే పడవలాపేస్తారు, గాలి ఎక్కువున్నా అంతే. నెలకోసారి పిల్లలతో పిక్నిక్‌లా వెళ్ళి, అక్కడ రెండు గంటలు తిరగండి. రోజువారీ లెక్కలో రాసుకోవద్దు.

ఇక కాలువలు. ఈ ఊరికి నది ఒక్కటే అనుకుంటారు కొత్తగా వచ్చినవాళ్ళు. బ్యారేజీ ఇటు చివర హెడ్ రెగ్యులేటరు, అంటే కాలువలోకి నీళ్ళు వదిలే తూము, దగ్గర బయల్దేరిన నీళ్ళే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువగా చీలి ఊరి నడుములోంచి వెళతాయి. ఒకప్పుడు వీటిలో పడవలు నడిచేవి, లాకుల దగ్గర నీటిమట్టం సరిచేసి ఒకదాని వెనక ఒకటి వదిలేవాళ్ళు. ఏలూరు కాలువ పట్టుకుపోతే గోదావరి కాలువలతో కలుస్తుంది. ఇప్పటికీ ఊళ్ళో ఆ చోటు పేరు ఏలూరు లాకులే, పడవలు మాత్రం లేవు. ఖరీఫ్‌కి నీళ్ళు వదిలిన తరువాత, అంటే జూన్ చివరో జూలైయో దాటాక, కాలువ గట్టు నడక బాగుంటుంది. చెట్ల నీడ, పారే నీళ్ళ చప్పుడు. వేసవిలో కాలువ కట్టేస్తారు. అప్పుడు అడుగున ఊరంతా విసిరిన చెత్త బయటపడుతుంది: ప్లాస్టిక్ కవర్లు, విరిగిన కుర్చీలు, పాత పరుపులు. ముప్పై ఏళ్ళు వాటిని తీయించినవాణ్ణి, ఇంతకన్నా చెబితే కోపమొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ వైపు వెళ్ళకండి.

ఆ రెండు నెలలకీ పార్కులే దిక్కు. ఇక్కడి ఎండ సంగతి మీకింకా తెలీదు. రోహిణి కార్తెలో పొద్దున ఏడింటికే రోడ్డు కాలిపోతుంది, కొండలన్నీ వేడిని దాచుకుని రాత్రంతా వదులుతాయి. వేసవిలో ఐదింటికి మొదలుపెట్టి ఆరింటికి ఇంట్లో ఉండాలి. ఇన్సులినో మాత్రలో వాడేవాళ్ళు జేబులో రెండు చాక్లెట్లు తప్పనిసరి. నాకు ఒకసారి బందరు రోడ్డు మీద కళ్ళు తిరిగితే కొబ్బరిబొండాల బండివాడు కూర్చోబెట్టి బొండాం కొట్టిచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

మీకు దగ్గరలో లబ్బీపేటలో ఇందిరాగాంధీ స్టేడియం ఉంది, అక్కడికి వాకర్లు బాగా వస్తారు. కాలేజీ గ్రౌండ్లలో కూడా నడుస్తారు గానీ, లోపలికి రానిచ్చే పద్ధతి ఎప్పటికప్పుడు మారుతుంది. గేటు దగ్గర అడిగి వెళ్ళండి, వాచ్‌మన్‌తో గొడవెందుకు. అంబేడ్కర్ స్మృతివనం చూశారా? మాకది పాత పీడబ్ల్యూడీ గ్రౌండ్స్. ప్రతి జనవరిలో పుస్తకాల ఎగ్జిబిషన్ అక్కడే జరిగేది, దుమ్ములో తిరిగి సంచులు నింపుకునేవాళ్ళం. ఇప్పుడు 125 అడుగుల విగ్రహం, దాని కింద 81 అడుగుల పీఠం. 2024 జనవరి 19న ప్రారంభించారు. చుట్టూ రాతి బాటలు, నీళ్ళ కుంటలు, పచ్చిక. సాయంత్రం దీపాలు వేశాక కుటుంబంతో వెళ్ళే చోటు. నున్నటి రాయి, వాన పడితే జారుతుంది, అది తప్ప వంక లేదు.

బస్టాండు దగ్గర నది పక్కనే రాజీవ్‌గాంధీ పార్కు. పిల్లలకి బాగుంటుంది, చెట్లు పెద్దవి. బ్యారేజీ నడక అయ్యాక బెంచీ మీద కూర్చోవటానికి నేను వాడుకుంటాను. రాఘవయ్య పార్కు పాతది, చిన్నది, రిటైరైనవాళ్ళ అసెంబ్లీ. నడిచేది పావుగంట, రాజకీయాలు గంటన్నర. గాంధీకొండ మాత్రం మోకాళ్ళున్నవాళ్ళకే. పైన 52 అడుగుల గాంధీ స్తూపం, 1968 అక్టోబరులో అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఆవిష్కరించారు. పైకెక్కితే రైల్వే స్టేషను, వన్‌టౌను, నది, అన్నీ ఒక్క చూపులో వస్తాయి. మీరు ఎక్కండి, అమ్మగారిని వాహనంలో తీసుకెళ్ళండి.

చలికాలంలో ఒక ఆదివారం, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, ఇలా చేసి చూడండి. బ్యారేజీ దాటి సీతానగరంలో టీ తాగి, అక్కడి నుంచి ఉండవల్లి వైపు. ఉండవల్లి గుహలు నాలుగంతస్తుల్లో కొండని తొలిచినవి, లోపల శేషశయనం మీద పవళించిన అనంతపద్మనాభస్వామి విగ్రహం ఉంది. కొండ కింద నుంచి చూస్తే చుట్టూ పూలతోటలు, కూరగాయల మడులు. రైతులు పూలు కోసి గంపల్లో సర్దే టైము అది. వెళ్ళేది నడిచి, వచ్చేది ఆటోలో. రానూపోనూ నడుస్తానంటే అమ్మగారు మీ మాట వినటం మానేస్తారు. కరకట్ట రోడ్డు మీద వీఐపీల కాన్వాయి ఉంటే కాసేపు ఆపేస్తారు, టెన్షన్ పడకండి, మామూలే.

మీ తమ్ముడి సంగతి. గుంటూరుకి నది లేదు, ఆ లోటు లోటే. బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం ఉంది, పొద్దున్నే ఊళ్ళో సగం డాక్టర్లు అక్కడే కనపడతారు. ఉచితంగా సలహా అడగొద్దని మాత్రం చెప్పండి, తప్పించుకుని రెండో రౌండు వేసేస్తారు. గాంధీపార్కు, మానస సరోవరం కూడా ఉన్నాయి. నన్నడిగితే నెలకోసారైనా ఊరి బయట ఉప్పలపాడు చెరువుకి వెళ్ళమంటాను. తుమ్మచెట్ల నిండా గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ. చలికాలంలో తెల్లవారి వెళితే చెట్టు కనపడదు, పక్షులే కనపడతాయి. కట్ట చుట్టూ నడక చిన్నదే, కానీ గంటన్నర తెలీకుండా పోతుంది. వాసన కొడుతుంది, ముందే చెబుతున్నాను. అన్ని వందల పక్షులున్న చోట అత్తరు వాసన రాదు కదా.

చివరగా బూట్ల సంగతి. అమ్మగారు చెప్పులతోనే నడుస్తానంటారు, మా ఆవిడా అలాగే అంది. చీర మీద స్పోర్ట్స్ బూట్లా అని సిగ్గుపడింది. ఒకరోజు పొద్దున్నే బ్యారేజీ మీదకి తీసుకెళ్ళి చూపించాను, పట్టుచీర మీద బూట్లేసుకుని అమ్మవారి దర్శనానికి ముందు ఒక రౌండు వేసి వెళ్ళేవాళ్ళు నలుగురు ఎదురయ్యారు. ఆ సాయంత్రమే బీసెంట్ రోడ్డులో కొనుక్కుంది. మీరు కూడా మొదటి వారం సగం గేట్ల దాకే తీసుకెళ్ళండి. మోకాలు ఎలా ఉందో ఇక్కడే రాయండి, ఆ తరువాత దూరం పెంచుదాం.